ఇంటితో పాటు

పియారా వాటర్స్‌లోని ఆ ఇల్లు అమ్ముడైపోయి అప్పటికి నెల దాటింది. ఆ సంగతి శ్రీకర్‌కి తెలుసు, అతని భార్య వసంతకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగిస్తున్న వసంత తల్లి జ్ఞానప్రసూనకి మాత్రం తెలియదు. శ్రీకర్‌కి దేశానికి ఆ చివరనున్న మెల్‌బోర్న్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. అక్కడ ఊరి మధ్యలో రెండు గదుల అపార్ట్‌మెంట్ కొన్నాడు. శుక్రవారం ఇక్కడి ఇల్లు చేతులు మారితేనే అదే రోజు అక్కడి తాళాలు చేతికొస్తాయి. ఆ అపార్ట్‌మెంట్‌లో అత్తగారికి చోటు లేదు. శనివారం తెల్లవారుజామున ఆవిడకి హైదరాబాద్ విమానం. ఆ కబురు తల్లికి చెప్పడం వసంత వంతు. అంతా అయిపోయాక చెప్పు, ముందే చెబితే గొడవ అన్నాడు శ్రీకర్. వసంత సరేనంది. అమ్మకానికని బోర్డు పెట్టకుండా, ఆవిడ ఇంట్లో లేని పూట చూపించి, ఇల్లు అమ్మేశారు. హాల్లో పేరుకుపోతున్న అట్టపెట్టెలు ఎందుకని తల్లి అడిగితే, కార్పెట్లు మారుస్తున్నామని చెప్పింది వసంత.

ఆ మంగళవారం మధ్యాహ్నం, కొన్నవాళ్ళు ఆఖరుసారి ఇల్లు చూసుకోడానికి రావాలి. ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటు తనకి వేరే పని పడిందని, ఏసీ, సోలారు, తోటకి నీళ్ళు పెట్టే రెటిక్, అన్నీ మీరే దగ్గరుండి చూపించమని మెసేజ్ పెట్టాడు. అందుకే ఆ పూట తల్లిని పక్క వీధి విద్యావతి కార్లో గుడికి పంపించేసింది వసంత. కానీ విద్యావతి కూతురికి స్కూల్లో వాంతులవుతున్నాయని ఫోనొచ్చింది. దార్లోనే కారు వెనక్కి తిప్పి జ్ఞానప్రసూనని ఇంటి ముందు దింపేసి ఆవిడ వెళ్ళిపోయింది. అదే నిమిషంలో వాకిట్లో వెనక సామాన్ల తొట్టి ఉన్న తెల్ల యూట్ బండి ఒకటి వచ్చి ఆగింది.

అందులోంచి దిగినవాళ్ళు కౌశల్, భానుశ్రీ. ఇద్దరిదీ కరీంనగర్. కౌశల్ చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఉత్తరాన ఇనుప గనుల్లో ఉద్యోగం. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంటి దగ్గర. భానుశ్రీకి ఎనిమిదో నెల.

నిండు పొట్టతో దిగుతున్న పిల్లని చూసి జ్ఞానప్రసూన ఆగిపోయింది. ఎన్నో నెలమ్మా అని అడిగి, చెయ్యి పట్టుకుని తనే గడప దాటించింది. గుమ్మంలో నిలబడ్డ వసంత పక్కకి తప్పుకుంది. శ్రీకర్ ముందుకొచ్చాడు. వీళ్ళు తన ఆఫీసు స్నేహితులని, కొత్తగా ఇల్లు కొనుక్కునే ఆలోచనలో ఉన్నారని, మన ఇల్లు ఎలా ఉందో ఒకసారి చూసి పోతామన్నారని అత్తగారికి చెప్పాడు. అబద్ధం అతనికి అంత తేలిగ్గా రావడం చూసి వసంతకి లోపలెక్కడో ఊరట కలిగింది.

కౌశల్ ఏదో అనబోయాడు. భానుశ్రీ అతని మోచెయ్యి నొక్కింది. ముసలావిడ ముఖం చూసింది, శ్రీకర్ ముఖం చూసింది, కళ్ళు దించుకున్న వసంతని చూసింది. ఆమెకి సంగతి అర్థమైపోయింది. అంతకంటే ముఖ్యమైన ఇంకో సంగతి కూడా అర్థమైంది.

"మీరే చూపియ్యండి ఆంటీ," అంది తీయగా. "ఇంట్ల పొద్దంత ఉండేటోళ్ళకే ఇంటి సంగతి తెలుస్తది."

అంతకంటే కావలసింది ఏముంది జ్ఞానప్రసూనకి. తణుకులో ఉన్నప్పటి నుంచీ ఇంటికి ఎవరొచ్చినా పెరటి దాకా తిప్పి చూపించడం ఆవిడకి సరదా. గుడికని కట్టుకున్న గంధం రంగు పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, వంటింటితో మొదలుపెట్టింది.

ఈ పొయ్యిలో వెనక బర్నర్ వెలగదని, అగ్గిపుల్ల గీసి పెట్టాలని చెప్పింది. గిన్నెలు కడిగే మిషను అప్పుడప్పుడూ నీళ్ళు కక్కుతుందని, అందుకే కింద పాత తువ్వాలు పరుస్తానని, ఆ తువ్వాలు లాగి మరీ చూపించింది. చంటిపిల్లల అల్లరి చెప్పుకున్నట్టు నవ్వుతూ చెబుతోంది. కౌశల్ ఫోన్ తీసి ఫోటోలు కొట్టడం మొదలుపెట్టాడు. శ్రీకర్ మధ్యలో కలగజేసుకుని, మీరు అలిసిపోయారు, కూర్చోండి, నేను చూపిస్తాను అన్నాడు. ఇంట్లో అడుగు పెట్టినవాళ్ళని మధ్యలో వదిలేసి కూర్చోవడం మర్యాద కాదంది అత్తగారు. అవునవును అంది భానుశ్రీ.

పెరట్లో సోలారు డబ్బా దగ్గర, మొన్న చలికాలం నుంచీ దీని మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉందని చెప్పింది. రెటిక్ నాలుగు మూలలా నీళ్ళు చిమ్మాలి గానీ మునగచెట్టు వైపు గొట్టం పగిలిపోయిందని, తనే బిందెతో పోస్తున్నానని చెప్పింది. కరివేపాకు మొక్క దగ్గర మాత్రం ఆగి, ఇది బతకడానికి మూడు వేసవులు పట్టిందని, గాలికి విరిగిపోకుండా వచ్చే ఏడు ఇటు పక్క దడి కట్టిస్తానని అంది. వచ్చే ఏడు అన్న మాటకి వసంత తల తిప్పుకుని గోడ అవతలి ఇంటి కప్పు చూసింది.

నిజానికి వసంతకి తల్లి మీద ప్రేమ లేక కాదు. తొమ్మిదేళ్ళ కిందట కూతురు తేజస్విని పుట్టినప్పుడు, అమ్మ రాకపోతే చచ్చిపోతానని ఏడ్చి పిలిపించుకున్నది తనే. పిల్ల పాలు, పిల్ల నిద్ర, పిల్ల జ్వరం అన్నీ ఆవిడే చూసుకుంది. వసంత ఉద్యోగంలో పైకెళ్ళింది. అయితే ఆ తొమ్మిదేళ్ళలో తన ఇంట్లో తను ఒక్కరోజు కూడా ఇల్లాలు కాలేకపోయింది. కూరలో ఉప్పు దగ్గర నుంచి తను కట్టుకునే బట్ట దాకా అమ్మ తీర్పు చెప్పనిదే పొద్దు గడవలేదు. పిల్ల పెద్దదయ్యాక ఆ తీర్పులు మరీ బరువనిపించాయి. అవసరం తీరాక మనిషి బరువనిపిస్తుందని తనతో ఎవరైనా అంటే వసంత ఒప్పుకోదు. కానీ మెల్‌బోర్న్ అపార్ట్‌మెంట్ ఫోటోలు చూసినప్పుడు, ఆ చిన్న వంటింట్లో తను ఒక్కతే నిలబడి ఉన్నట్టు ఊహించుకుంది.

అందరూ తేజస్విని గదిలోకి వచ్చారు. భానుశ్రీ గోడ అలమారు తెరిచి, ఎంత పెద్దగా ఉందో అంది.

ఇందులో మాత్రం బట్టలు పెట్టుకోకూడదమ్మా అంది జ్ఞానప్రసూన. దీని వెనకే స్నానాలగది ఉందని, గోడలోంచి నీళ్ళు ఊరుతున్నాయని, పిల్ల గౌన్లన్నీ బూజు పట్టిపోయాయని చెప్పింది. "మా అల్లుడు రంగు వేయించాడు, మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేయించాడు. ఈ మధ్యే ఇంకోసారి. రంగు వేస్తే నీళ్ళు ఆగుతాయా బాబూ?"

కౌశల్ అలమారులోకి వంగి, బొటనవేలితో గోడని నొక్కాడు. కొత్త రంగు పెచ్చు ఊడి, లోపలి చెక్క తడి బిస్కెట్టులా వేలికి వచ్చేసింది. అతను వేలు తుడుచుకోకుండా లేచి నిలబడ్డాడు.

"శ్రీకరన్నా," అన్నాడు. "ఇన్‌స్పెక్షన్ అయిననాడు ఈ అలమార్ల నిండ డబ్బాలున్నయ్. గుర్తుందా?"

శ్రీకర్ ఇంగ్లీషులోకి దిగాడు. అది చాలా మైనర్ ఇష్యూ అని, బయట మాట్లాడుకుందామని, కాంట్రాక్టులో ఇల్లు ఉన్నది ఉన్నట్టుగానే అని ఉందని తగ్గు గొంతుతో చెప్పాడు. కౌశల్ కూడా ఇంగ్లీషులోనే, తన తరఫున రిజిస్ట్రేషన్ పని చూసే సెటిల్‌మెంట్ ఏజెంటుతో మాట్లాడాకే శుక్రవారం సంగతి చూద్దామన్నాడు. శుక్రవారం తప్పితే మెల్‌బోర్న్ ఇల్లు తప్పుతుంది. శ్రీకర్ ముఖం పాలిపోయింది. అతను కోపంగా చూసింది మాత్రం కౌశల్ వైపు కాదు, అత్తగారి వైపు.

జ్ఞానప్రసూనకి ఇంగ్లీషు బాగా రాదు. ఏదో పొరపాటు మాట దొర్లిందని మాత్రం గ్రహించింది. వాతావరణం తేలిక చెయ్యడానికి, రండి, నా గది కూడా చూద్దురుగాని అంది.

ఈ ఊళ్ళో కొత్త ఇళ్ళలో సినిమాలు చూసుకోడానికని ఒక చీకటి గది కడతారు. థియేటర్ రూమ్ అంటారు. ఈ ఇంట్లోని ఆ గదికి కిటికీ లేదు. కరోనా వచ్చి శ్రీకర్ ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పుడు, జ్ఞానప్రసూన ఉంటున్న ముందు గది అతనికి ఆఫీసైంది. ఆవిడ మంచం ఇక్కడికొచ్చింది. ముదురు నీలం గోడల మధ్య ఒక మంచం, భర్త రాజారావు ఫోటో, మందుల డబ్బా, కుర్చీ మీద మడత పెట్టిన చీరలు. లైటు వెయ్యకపోతే పగలూ రాత్రీ తేడా తెలియదు. ఎండాకాలం చల్లగా ఉంటుందమ్మా అని ఆవిడ గదిని వెనకేసుకొచ్చింది.

కౌశల్ లేజర్‌తో కొలిచే పరికరం తీసి గోడ మీదికి గురిపెట్టాడు. ఎర్రచుక్క రాజారావు ఫోటో మీద నిలబడింది. ప్రొజెక్టర్‌కి సరిపోతుందని భార్యతో అని, ఆ తర్వాత, కావాలనే, తెలుగులో అడిగాడు.

"ఈ మంచం ఎప్పుడు తీస్తరు?"

నా మంచం ఎందుకు తీయడం బాబూ అంది జ్ఞానప్రసూన.

"శుక్రవారం వరకు ఇల్లు ఖాళీ చెయ్యాలె కదా ఆంటీ. ఇల్లు కొన్నది మేమే."

జ్ఞానప్రసూన ముందు నవ్వింది, కుర్రాడు వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. అల్లుడి వైపు తిరిగింది. అల్లుడు ఫోన్ చూసుకుంటున్నాడు. కూతురి వైపు తిరిగింది. కూతురి ముఖం చూశాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. మెల్లగా మంచం చివర కూర్చుంది.

చెప్పాల్సింది అప్పుడు వసంత చెప్పింది. మెల్‌బోర్న్ ఉద్యోగం, అపార్ట్‌మెంట్, అక్కడి చలి, అమ్మకి ఆ చలి పడకపోవడం, శనివారం హైదరాబాద్ విమానం. చలి సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో నిజంగానే దిగులు పలికింది. అన్నయ్య లక్ష్మీనారాయణ దగ్గరైతే మనవాళ్ళ మధ్య ఉంటావని అంది. జ్ఞానప్రసూన అంతా విని, రెండే ప్రశ్నలు అడిగింది. తిరుగు టికెట్టు ఉందా అనేది మొదటిది. లేదంది వసంత.

"వాడు రమ్మన్నాడా?"

లక్ష్మీనారాయణ రమ్మనలేదు. మియాపూర్‌లో తమది కూడా చిన్న ఇల్లేనని, తన భార్య తల్లి కూడా తమ దగ్గరే ఉంటున్నారని, ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచుకోమని చెల్లెలికి ఫోన్‌లో చెప్పాడు. విమానం దిగి ఎదురుగా నిలబడితే కాదనలేడు కదా అన్నది శ్రీకర్ ధైర్యం. వసంత ఇదంతా చెప్పలేదు. "అన్నయ్య ఏదీ తేల్చలేదమ్మా" అంది. ఆ మాటలోనే అంతా ఉంది.

అప్పుడు భానుశ్రీ గోడకి ఆనుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడింది. ఎవరినీ నొప్పించని గొంతు ఆమెది. తన తల్లికి పక్షవాతం వచ్చి మంచం మీద ఉందని, అత్తగారికి వీసా రాలేదని, కౌశల్ గనులకి పోతే రెండు వారాలు పసిపిల్లతో తను ఒక్కతే ఉండాలని, ఇక్కడ మనిషిని పెట్టుకునే స్తోమత తమకి లేదని చెప్పింది.

"తడి గోడ సంగతి మేము చూసుకుంటం. శుక్రవారం అనుకున్నట్టే సంతకాలు చేస్తం. ఆంటీని మా దగ్గర ఉండనియ్యండి. ఒక ఆర్నెల్లు, లేకుంటే ఏడాది. ఆమెకు ఇల్లు అలవాటే. మంచం కూడ తీసుడు అవసరం లేదు."

కౌశల్ భార్య వైపు ఆశ్చర్యంగా చూశాడు, తర్వాత లేజర్ కొలతని జేబులో పెట్టుకున్నాడు. శ్రీకర్ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. అతను వసంత వైపు చూసి, "యాక్చువల్లీ, నాట్ ఎ బ్యాడ్ ఐడియా," అన్నాడు.

వసంత కాదంటుందని భానుశ్రీ కూడా అనుకుని ఉంటుంది. ఒక్క నిమిషం ఆగింది. వసంత కాదనలేదు. ఇక భానుశ్రీ అడగడం మొదలుపెట్టింది. మంచం మీద కూర్చున్న మనిషిని కాదు, నిలబడి ఉన్న కూతురిని.

ఆంటీకి షుగర్ ఉందా అని అడిగింది. లేదు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటుంది అంతే అంది వసంత. రాత్రిపూట పిల్ల ఏడిస్తే లేవగలదా అంది. తేజస్విని చిన్నప్పుడు రాత్రంతా ఆవిడే లేచేదని, తనకి అసలు తెలివే వచ్చేది కాదని వసంత చెప్పింది. మోకాళ్ళ నొప్పులున్నయా? పెద్దగా లేవు. మాంసం వండుతదా? వండుతుంది. చేపల పులుసు చాలా బాగా చేస్తారని శ్రీకర్ అందుకున్నాడు.

ప్రతి జవాబూ నిజమే. అన్నీ తల్లి గురించిన మెప్పుదల మాటలే. నాలుగో జవాబు దగ్గర వసంతకి తన గొంతు తనకే వినిపించింది. అయినా ఆపలేదు. ఎందుకంటే ప్రశ్నలు అయిపోతే తల్లి వైపు చూడాలి.

జ్ఞానప్రసూన కొంగు నడుం నుంచి తీసి భుజం మీద సర్దుకుంది.

"నా మోకాళ్ళ సంగతి నన్నడగొచ్చమ్మాయ్," అంది భానుశ్రీతో.

భానుశ్రీ సారీ ఆంటీ అంది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. కూతురిని దగ్గరకి రమ్మంది. వసంత రెండడుగులు వేసి ఆగింది. నువ్వేమంటావో అది నీ నోటితో చెప్పు, మీ ఆయన ఇంగ్లీషులో చెప్పింది కాదు అంది.

"కొన్నాళ్ళేగా అమ్మా," అంది వసంత. "అక్కడ సర్దుకున్నాక చూద్దాం. నీకూ ఊసుపోతుంది. చంటిపిల్లలంటే నీకిష్టం కదా."

తల్లి తలూపింది. ఆవిడ ఏడుస్తుందని శ్రీకర్ భయపడ్డాడు, తిడుతుందని వసంత ఎదురుచూసింది. రెండూ జరగలేదు. జ్ఞానప్రసూన లేచి, ఫోటో ముందు దీపం పడిపోయి ఉంటే నిలబెట్టి, సరే, ఉంటాను అంది. అంత మామూలుగా అనేసరికి శ్రీకర్ ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

"ఈ గదిలో కాదు," అంది ఆవిడ భానుశ్రీతో. "ముందు వైపు కిటికీ ఉన్న గది నాక్కావాలి. ఈ చీకట్లో పసిపిల్లని ఎత్తుకుని కూర్చోలేను. నీకు ఇష్టమైతే ఉంటాను, లేకపోతే వేరే మనిషిని చూసుకో."

ఆ ముందు గదిని కౌశల్ తన కోసం అనుకుని ఉన్నాడు. అతను నోరు తెరిచేలోపు భానుశ్రీ సరేనంది. బేరం ఎక్కడ ఒప్పుకోవాలో ఆమెకి తెలుసు. ముసలావిడకి కూడా తెలుసునని ఆమెకి అప్పుడే అర్థమైంది. తను అనుకున్నంత మెత్తని మనిషిని తెచ్చుకోవడం లేదేమోనని మొదటిసారి అనుమానపడింది.

ఆ తర్వాత జ్ఞానప్రసూన అల్లుడూ కూతురూ ఇద్దరినీ కలిపి చూసింది.

"మీకు ఒకటే చెబుతున్నా. నేను ఎందుకు ఇక్కడ ఉండిపోతున్నానో తేజస్వినికి మీరే చెప్పాలి. చలి పడదనీ, అమ్మమ్మకి ఇష్టమై ఉండిపోయిందనీ కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నా ఎదురుగా."

తప్పకుండా చెబుదాం అత్తయ్యగారూ అన్నాడు శ్రీకర్. మెల్‌బోర్న్ వెళ్ళి కాస్త కుదురుకున్నాక, మెల్లగా, వీడియో కాల్‌లో అందరం కూర్చుని చెబుదామన్నాడు. పిల్ల మనసు సున్నితమని, ఇప్పుడే చెబితే స్కూలు మార్పుతో పాటు ఇది కూడా తోడై కుంగిపోతుందని అన్నాడు. పిల్ల మనసు గురించి అతను అంత సేపు మాట్లాడటం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఈవేళ," అంది అత్తగారు. "లేదంటే నేను ఉండను. శనివారం విమానమూ ఎక్కను. శుక్రవారం ఇల్లు ఖాళీగా ఇవ్వాలి కదా మీరు. ఈ మంచం మీద నేను కూర్చునే ఉంటాను. పోలీసుల్ని పిలుచుకుంటారో, మోసుకుపోతారో మీ ఇష్టం."

కౌశల్ శ్రీకర్‌ని చూశాడు. శ్రీకర్ వసంతని చూశాడు, నువ్వే చూసుకో అన్నట్టు. వసంత తల్లి చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లకి ఇప్పుడొద్దమ్మా, నన్ను ఏమైనా అను గానీ దానికి చెప్పించకు అని వసంత బతిమాలింది. ఆ మధ్యాహ్నం మొదటిసారిగా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి తన కోసమా, తల్లి కోసమా, పిల్ల కోసమా అని జ్ఞానప్రసూన ఆ ముఖంలోకి పరిశీలనగా చూసింది. ఏమి కనిపించిందో గానీ, మాట మార్చుకోలేదు.

వీధి తలుపు తెరుచుకుంది. బూట్లు విసిరేసిన చప్పుడు, బ్యాగు నేల మీద పడిన చప్పుడు. పక్కింటి పిల్లలతో కలిసి నడిచొచ్చే తేజస్విని, బయట యూట్ ఎవరిదని ఇంగ్లీషులో అరుచుకుంటూ హాలు దాటి వచ్చింది. థియేటర్ రూమ్ గుమ్మంలో ఇంతమంది పెద్దవాళ్ళని చూసి ఆగింది. కొత్తవాళ్ళని, అమ్మ తడి కళ్ళని, నిలబడి ఉన్న అమ్మమ్మని చూసింది. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"మమ్, యూ టోల్డ్ హర్? వితౌట్ మీ?"

తల్లి జవాబు కోసం ఆగకుండా పరుగెత్తుకొచ్చి అమ్మమ్మ నడుం చుట్టూ చేతులు వేసింది. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయింది. తనకి నెల నుంచీ తెలుసునని, అమ్మమ్మకి సర్‌ప్రైజ్ కాబట్టి ఎవరికీ చెప్పొద్దని మమ్ ఒట్టు వేయించుకుందని, ఒక్కసారి కూడా నోరు జారలేదని. మెల్‌బోర్న్‌లో తనూ అమ్మమ్మా ఒకటే గదిలో పడుకుంటారని మమ్ చెప్పిందని. రెండంతస్తుల మంచం కొంటారని, పైది తనదని, కిందది అమ్మమ్మదని. అమ్మమ్మకి నిచ్చెన ఎక్కడం కష్టం కాబట్టి ఆ సంగతి తనే ఆలోచించానని.

భానుశ్రీ కూడా తల తిప్పేసుకుంది. కౌశల్ బయట కూర్చుంటానని మెల్లగా తప్పుకున్నాడు.

జ్ఞానప్రసూన చెయ్యి పిల్ల జడ మీద పడింది, వదులైన రిబ్బను ముడిని సరిచేసింది. ఇప్పటికైనా అమ్మ వదిలేస్తుందని వసంత ఆశపడింది. చలి పడదని అమ్మే ఒక మాట చెప్పేస్తే చాలు. అమ్మ అలాంటి మాటలు తన కోసం ఎన్నోసార్లు చెప్పింది.

జ్ఞానప్రసూన పిల్లని రెండు భుజాలూ పట్టుకుని తల్లి వైపు తిప్పి నిలబెట్టింది.

"చెప్పు వసంతా," అంది. "పిల్ల వింటోంది."